తలుపు నెత్తిన గడియ

మూడో సంతకం పేరెత్తితే చాలు, వడ్రంగి మేస్త్రీకి నోట్లో మేకులు పెట్టుకున్నట్టుంటుంది. మింగలేడు, ఉమ్మలేడు.

ఆ విశ్వవిద్యాలయంలో ఒక మేకు దిగాలంటే ఒక చీటీ ఉండాలి. చీటీ మీద మూడు సంతకాలుండాలి. పని కావాలన్నవాడిది ఒకటి, ఆ శాఖ పెద్దది ఒకటి, భవనాల అధికారిది ఒకటి. మొదటి రెండూ టీ తాగి వచ్చేలోపు అయిపోతాయి. మూడోదానికి మాత్రం చెప్పులరిగేదాకా తిరగాలి. ఆ అధికారికి అమ్మానాన్నలు ఏదో ఒక పేరు పెట్టే ఉంటారు గానీ, ఇరవై రెండేళ్ళలో ఆ పేరుతో ఎవరూ పిలవగా మేస్త్రీ వినలేదు. వెనకాల అందరికీ ఆయన మూడో సంతకమే.

ఒకసారి గ్రంథాలయం మెట్ల పక్కన చేతిపట్టె ఊగుతోందని మేస్త్రీ మూడు నెలలు మొత్తుకున్నాడు. ఇద్దరు పిల్లలు జారిపడి పళ్ళు రాలగొట్టుకున్నాక చీటీ మీద సంతకం పడింది. పడటమైతే పడింది గానీ, కింద వేసిన తేదీ ఆ పిల్లలు పడటానికి వారం ముందుది. అలాంటి మనిషి. గోడ కూలి మీద పడినా, ముందు కాగితం దులిపి తర్వాత తల దులుపుకునే రకం.

అటువంటివాడు ఆ సోమవారం పొద్దున చీటీ లేకుండా వచ్చాడు. పైగా మేస్త్రీ షెడ్డుకే వచ్చాడు.

షెడ్డు జనరేటరు గది వెనక ఉంటుంది. పారేసిన పాత తలుపులు నిలబెట్టి మేస్త్రీ తన చేత్తో కట్టుకున్నదది. గోడలన్నీ తలుపులే. కొన్నింటికి గది నంబర్లు ఇంకా ఉన్నాయి. అప్పటి రిజిస్ట్రారు ఆ పక్కగా వెళ్తూ, "ఇక్కడే ఉండి చేసుకోవయ్యా, ఎవరూ ఏమనరు" అన్నాడు. ఆ నోటిమాటే దానికి పట్టా. ఆ సంగతి మూడో సంతకానికి తెలుసు. ఏడాదికి రెండుసార్లైనా గుర్తుచేసేవాడు.

"మేస్త్రీ, రెండో అంతస్తులో పొడుగాయన గది. తలుపుకు పైన ఒక గడియ ఉంది కదా, అది పీకెయ్. మధ్యాహ్నంలోపు. బెజ్జాలు పూడ్చి రంగు కూడా వేసెయ్."

"చీటీ సార్?"

"చీటీ గీటీ ఏం లేదు. చిన్న పని."

"చిన్న పనా! మొన్న కుర్చీ కాలికి ఒక స్క్రూ బిగిస్తే తొమ్మిది రోజులు తిప్పారు కదా సార్."

"షెడ్డు బాగానే ఉందే," అన్నాడు మూడో సంతకం, పైకప్పు వంక చూస్తూ. "వాన పడితే కారదు కదా?"

అంతే. ఇంకొక్క మాట లేదు. మేస్త్రీ సంచి భుజాన వేసుకుని లేచాడు.

పొడుగాయన అంటే పెద్ద ప్రొఫెసరు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. పరిశోధన చేసే పిల్లలు ఆయన సంతకం కోసం ఏళ్ళకేళ్ళు కాచుకుని ఉంటారు. మేస్త్రీకి ఒక మూడో సంతకమైతే, ఆ పిల్లలకు మొదటిదీ రెండోదీ మూడోదీ అన్నీ ఆయనే. నాలుగేళ్ళ కిందట ఆ గడియ పెట్టించింది కూడా ఆయనే. చీటీలో కారణం రాశాడు: గాలికి తలుపు కొట్టుకుంటోంది.

ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ. అద్దం బిగించేశారు, తెరుచుకోదు. చల్లగాలి మిషను తప్ప వేరే గాలి ఆ గది మొహం చూసి ఎరగదు. ఆ రోజు నిచ్చెన ఎక్కి గడియ బిగిస్తూ మేస్త్రీ లోలోపల నవ్వుకున్నాడు. పెద్ద చదువు చదివితే గాలి కూడా కొత్తరకంగా వీస్తుంది కాబోలు అనుకున్నాడు. నవ్వుకుని, కూలి తీసుకుని, దిగి వచ్చేశాడు. అదీ ఆయన చేసిన పని. ఇప్పుడు మళ్ళీ నిచ్చెన వేశాడు.

"ఏం సార్, గాలి తగ్గిందా?" అన్నాడు పైనుంచి.

పొడుగాయన ఫోను చూసుకుంటున్నాడు. తలెత్తలేదు. "త్వరగా కానివ్వు."

పాత భవనం, తలుపు ఏడున్నర అడుగులు. గడియను తలుపు పై అంచున నిలువుగా బిగించారు. దాని కమ్మీ పైకి లేచి ద్వారబంధం పైపట్టెలో ఉన్న చిల్లులోకి దూరుతుంది. మేస్త్రీ నాలుగు స్క్రూలు విప్పి గడియ జేబులో వేసుకున్నాడు. తలుపు మీది నాలుగు స్క్రూ బెజ్జాల్లో లప్పం పెట్టి గీకాడు. పైపట్టెలో చిల్లుకు మాత్రం లప్పం పెట్టలేదు. నెత్తి మీద లప్పం నిలవదు, ఎండాక ఊడి కింద పడుతుంది. చెక్క ముక్కను బిరడాలా చెక్కి, జిగురు పూసి కొట్టి, మట్టంగా కోసి పైన రంగు వేశాడు. పని అన్నాక పనిలాగే చేయాలి. ఆ మాటకొస్తే దొంగ పనైనా వంకర పోకుండా చేయడమే ఆయన జబ్బు.

మెట్ల దగ్గర ఊడ్చే అక్క ఎదురైంది. ఆ అంతస్తంతా ఆమె చీపురు కిందే ఉంటుంది.

"పీకేశావా అన్నా?"

"నీకెలా తెలుసు?"

"నాకు తెలియకపోవడమేంటి, ఈ అంతస్తులో చెత్తంతా నా దగ్గరికే కదా వచ్చేది." చీపురు గోడకానించి, గొంతు తగ్గించింది. "ఆయన దగ్గర చదివే ఒక పిల్ల కంప్లయింటు రాసింది. గదిలోకి పిలిచి, తలుపు లాక్ చేసి, మీద చేతులేశాడని. కాగితాలు విసిరికొట్టి, గట్టిగా అరిస్తే అప్పుడు తీశాడంట. కమిటీ వేశారు. రేపు పదింటికి గది చూడ్డానికి వస్తున్నారు."

"అయితే?"

"అయితే ఏంటి! ఆయన ఏమంటున్నాడో తెలుసా? నా తలుపుకు లోపల్నుంచి తాళమే పడదు, చూసుకోండి అంటున్నాడు. నిజమే, పడదు. ఆ తాళం బయట్నుంచే. పిల్ల అబద్ధమాడిందని తేలితే దాన్నే పంపించేస్తారంట. అయిదేళ్ళ చదువు, గంగలో కలిసినట్టే."

మేస్త్రీ జేబులో ఉన్న గడియ ఒక్కసారి బరువెక్కింది.

"తాళం కాదే అది," అన్నాడు. "గడియ!"

"ఆ సంగతి వాళ్ళకెవరు చెప్తారు? పిల్ల లాక్ అని రాసింది. ఈ కాలం పిల్లలు గడియ పెట్టినా లాకే అంటారు, గొళ్ళెం వేసినా లాకే అంటారు. వాళ్ళు తాళం కోసం వెతుకుతారు, అది ఉండదు."

"నువ్వు రోజూ తుడుస్తావు కదా ఆ గది. నువ్వు చెప్పొచ్చుగా."

"నేను నేల తుడిచేదాన్ని అన్నా," అంది ఆమె చీపురు తీసుకుంటూ. "నన్నెవరైనా పైకి చూడమన్నారా ఎప్పుడైనా?"

మేస్త్రీకి ఒళ్ళు మండింది. ముందు మూడో సంతకం మీద, తర్వాత పొడుగాయన మీద. షెడ్డుకు వచ్చి కూర్చున్నాక, ఆ మంట తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చి ఆగింది. పెట్టింది ఎవరు? తను. పీకింది ఎవరు? తను. దొంగకు తాళంచెవి ఇవ్వడమే తప్పంటే, తను ఇల్లు కూడా తుడిచి అడుగుల గుర్తులు చెరిపి వచ్చాడు. అదీ కూలి లేకుండా.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఇల్లాలు కుట్టు మిషను దగ్గర జాకెట్టు చేతులు అతుకుతోంది. ఆమె పొట్టి మనిషి. పెళ్ళిలో చుట్టాలు ఇద్దర్నీ చూసి నిచ్చెనా స్టూలూ అన్నారు.

"ఏమే, ఒకసారి లే. ఇలా తలుపు దగ్గర నిలబడి చెయ్యి పైకెత్తు."

"ఎందుకు, కొత్త జాకెట్టు కుట్టిస్తావా?"

"ఎత్తవే బాబూ."

ఎత్తింది. టేపు పెట్టాడు. ఆరడుగుల ఒకటిన్నర అంగుళం. మునివేళ్ళ మీద లేవమన్నాడు. ఆరూ నాలుగు. పెన్సిలుతో ఆరడుగుల పదంగుళాల దగ్గర గీత గీశాడు. "దీన్ని అందుకో."

నవ్వుతూ ఎగిరింది. వేలికొన గీతకు తగిలీ తగలనట్టు తగిలింది. మళ్ళీ ఎగిరింది. "తగిలింది కదా!"

"తగిలితే చాలదు. పట్టుకుని కిందికి లాగాలి. బిగుతుగా ఉంటుంది."

ఇంకోసారి ఎగరబోయి ఆమె ఆగిపోయింది. చెయ్యి పైకెత్తినట్టే ఉంచి, తల తిప్పి మొగుడి మొహం చూసింది. నవ్వు పోయింది.

"ఏంటయ్యా ఇది? ఎవరి తలుపు?"

చెప్పాడు. మొదట్నుంచీ చెప్పాడు, గాలి సంగతి కూడా.

"అంత ఎత్తున ఎవరు పెట్టారు దాన్ని?"

"పెట్టించింది ఆయన."

"ఎవరు పెట్టించారని అడిగానా? ఎవరు పెట్టారు?"

"నేనే."

ఆమె చెయ్యి దించింది. మిషను దగ్గర కూర్చుంది గానీ, చూపు ఆ పెన్సిలు గీత మీదే ఉంది.

"నోరు తెరిస్తే షెడ్డు పోతుందే," అన్నాడు మేస్త్రీ. "పొద్దున పైకప్పు వంక చూశాడు వాడు. చూసిన తీరు నాకు తెలుసు. షెడ్డు పోతే రంపం ఎక్కడ పెట్టుకోను? ఈ వయసులో ఒకడి కింద రోజుకూలీగా చేరాలి."

"పోతే నా మిషను పక్కన పెట్టుకో నీ రంపం," అంది. "కానీ ఆ గీత చెరిపెయ్. అది చూస్తూ నేనీ గదిలో కుట్టలేను."

మర్నాడు పదింటికి ఆ గది ముందు ఆరుగురున్నారు. కమిటీవాళ్ళు ముగ్గురు: కమిటీకి పెద్దగా ఉన్న కళ్ళజోడావిడ, లా పాఠాలు చెప్పే ముసలాయన, బయటి సంస్థ నుంచి వచ్చిన ఒకావిడ. పక్కన కాగితాల కట్టతో మూడో సంతకం. గోడకానుకుని పొడుగాయన, చేతులు కట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడంత నిమ్మళంగా. వీళ్ళందరికీ దూరంగా ఆ పిల్ల, సంచి గుండెలకు అదుముకుని. మేస్త్రీ అనుకున్నట్టే పొట్టిది. తన ఇల్లాలికంటే ఇంకో అంగుళం తక్కువే.

"చూశారు కదమ్మా," లా ఆయన అంటున్నాడు. "లోపల్నుంచి తాళం పడే వీలే లేదు. మీరేమో లాక్ చేశారని రాశారు."

"చేశారు సార్."

"దేనితో?"

"ఏమో సార్, నేను సరిగ్గా చూడలేదు. కానీ తలుపు రాలేదు. లాగితే రాలేదు."

"ఒక్కోసారి చెక్క ఉబ్బి బిగుసుకుంటుందండీ," అన్నాడు మూడో సంతకం వినయంగా. "పాత భవనం."

వానలు పోయి ఆరు నెలలైంది. ఎండకు ఆ తలుపు సందులోంచి చెయ్యి దూరుతోంది. చెక్క ఉబ్బిందట! ఇరవై రెండేళ్ళు ఆ చెక్కతో కాపురం చేసినవాడు మెట్ల దగ్గర నిలబడి ఆ మాట విన్నాడు. ఇక ఆగలేకపోయాడు. నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి ధడేలుమని గుమ్మం ముందు దించాడు.

"నిన్నెవరు పిలిచారు?" అన్నాడు మూడో సంతకం.

"నిన్న మీరే పిలిచారు కదా సార్. పని కొంచెం మిగిలింది." ఆ పిల్ల వైపు తిరిగాడు. "అమ్మా, ఒక్క మాట. తలుపు మూశాక ఆయన చెయ్యి ఎటు పోయింది?"

"ఏయ్, ఎవరయ్యా నువ్వు! సాక్షికి నువ్వు ప్రశ్నలేస్తావేంటి?" లా ఆయన మండిపడ్డాడు.

"ఆమెను చెప్పనివ్వండి," అంది కళ్ళజోడావిడ.

పిల్ల కళ్ళు మూసుకుంది. సంచి ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి నెమ్మదిగా లేపింది. భుజం దాటింది, తల దాటింది, ఇంకా పైకి.

"పైకి," అంది. "పైకి పోయింది. టక్కుమంది. తర్వాత నేను కూడా అక్కడే వెతికాను. నాకు అందలేదు. ఎగిరాను కూడా."

"కుర్చీ వేసుకుని తీయొచ్చు కదమ్మా?" అన్నాడు లా ఆయన.

పిల్ల కళ్ళు తెరిచి ఆయన్ని సూటిగా చూసింది. "కుర్చీ బల్లకు అవతల ఉంది సార్. ఆయన బల్లకు ఇవతల ఉన్నాడు."

బయటినుంచి వచ్చినావిడ రాసుకుంటున్న కలం ఆగింది.

మేస్త్రీ అందర్నీ గదిలోకి రమ్మని, తలుపు మూసి, లోపలివైపు నిచ్చెన వేసి ఎక్కాడు. ఉలి తీసి పైపట్టె మీద రంగు గీకాడు. కింద గుండ్రంగా బిరడా బయటపడింది. అడ్డంగా కోసిన చెక్కకు రంగు సరిగ్గా పట్టదు, వెతికేవాడికి కనబడుతుంది. వెతికేవాడుండాలి, అంతే. అంచున ఉలి దించి ఒక్క తిప్పు తిప్పితే బిరడా ఊడి కింద పడింది. దొర్లుకుంటూ పోయి పొడుగాయన బూటు దగ్గర ఆగింది. తర్వాత తలుపు మీది లప్పం పొడిచాడు, నాలుగు బెజ్జాలూ నోళ్ళు తెరిచాయి. జేబులోంచి గడియ తీసి, ఆ నాలుగింటి మీదా ఆనించి, కమ్మీ పైకి తోశాడు.

టక్.

ఆ చప్పుడుకు పిల్ల ఒంగిపోయింది, ఎవరో కడుపులో పొడిచినట్టు. అప్పటిదాకా ఆమెను నమ్మాలా వద్దా అని చూస్తున్న కళ్ళన్నీ ఒక్కసారి కిందికి దిగాయి.

"లాకంటే ఇదే," అన్నాడు మేస్త్రీ. "నేలనుంచి ఆరడుగుల పదంగుళాలు. కొలుచుకోండి, టేపు ఇస్తాను."

"ఎవడో ఎప్పుడో పెట్టి ఉంటాడు!" మూడో సంతకం గొంతు చీలింది. "పాత భవనం. దీనికి కాగితం ఏది? కాగితం లేకుండా ఎవడు పడితే వాడు వచ్చి..."

మేస్త్రీకి ఇరవై రెండేళ్ళలో ఆ మాట అంత తియ్యగా ఎప్పుడూ వినబడలేదు. షెడ్డులో ఒక తీగ ఉంది. చేసిన ప్రతి పని చీటీ సగం చింపి ఆ తీగకు గుచ్చడం ఆయన అలవాటు. ఎందుకంటే ఏ పని చేసినా చేయలేదనేవాడు మూడో సంతకమే. చొక్కా జేబులోంచి దుమ్ము పట్టిన ఆ గడియ చీటీ ముక్క తీసి కళ్ళజోడావిడకు ఇచ్చాడు.

"గాలికి తలుపు కొట్టుకుంటోంది," ఆమె పైకి చదివింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, బిగించిన అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టి చూసి వచ్చింది. "నాలుగేళ్ళ కిందటి తేదీ. సంతకాలు మూడున్నాయి."

"మూడోది వారిదే మేడం," అన్నాడు మేస్త్రీ. "అప్పట్లో ఒక్క రోజులో పెట్టారు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు."

పొడుగాయన మొదటిసారి నోరు తెరిచాడు. "ఒక వడ్రంగి మాట పట్టుకుని... ఏం చదివావయ్యా నువ్వు?"

"ఆరో తరగతి. అందుకే నాకు తాళానికీ గడియకూ తేడా తెలుసు."

కళ్ళజోడావిడ చీటీ మడిచి ఫైల్లో పెట్టింది. "మేస్త్రీ, కిటికీ తెరుచుకోదని మీకు ఆ రోజే తెలుసు కదా. మరి ఎందుకు బిగించారు?"

దీనికి మేస్త్రీ దగ్గర చీటీ లేదు.

"నవ్వుకున్నాను మేడం. అడగలేదు. నవ్వుకుని బిగించాను."

పిల్ల అప్పుడు తలెత్తి ఆయన్ని చూసింది. దండం పెడుతుందేమోనని, నిజం చెప్పాలంటే, ఆయన మనసులో ఒక మూల అనుకున్నాడు.

"మీరా పెట్టింది?" అంది. "నాలుగేళ్ళ నుంచీ ఉందా అది? అయితే నాకంటే ముందు ఎంతమంది?"

ఆ ప్రశ్న వెనకాలే వస్తుంటే మేస్త్రీ నిచ్చెన దిగాడు. ఇప్పటికీ వస్తూనే ఉంది. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు అని ఆయన తల్లి చెప్పేది. ఆ పిల్ల లోపల ఉన్నది సుమారు అంతేనట. పైన ఒక గడియ, లోపల ఒక గడియ, రెండూ ఆ పిల్ల నెత్తినే పడ్డాయి. అంతకుముందు ఎందరి నెత్తిన పడ్డాయో ఏ తీగకూ గుచ్చి లేదు.

నెల తిరిగేసరికి తీర్పు వచ్చింది. పిల్ల రాసింది నిజమని తేల్చారు. ఆమెను వేరే ప్రొఫెసరు దగ్గరికి మార్చారు. పొడుగాయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. మూడో సంతకానికి ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. అదే కాగితాన్ని ఆయన ఫైల్లో జాగ్రత్తగా పెట్టుకుని ఉంటాడు, తేదీ మార్చి. ఆ అంతస్తులో నలభై ఒక్క తలుపులకూ కంటి ఎత్తున అద్దం పెట్టాలని, లోపలి గడియలన్నీ తీసేయాలని కమిటీ రాసింది. మంచి పని. ఆ పని బయటి కంట్రాక్టరుకు ఇచ్చారు.

మేస్త్రీకి నోటీసు వచ్చింది. అనుమతి లేని కట్టడం, ఏడు రోజుల్లో ఖాళీ చేయాలి. ఈసారి మూడు సంతకాలూ ఒక్క పూటలో పడ్డాయి.

"న్యాయం జరిగింది కదన్నా," అంది ఊడ్చే అక్క, గోడల తలుపులు ఒక్కొక్కటే విప్పుతుంటే ఒక చివర పట్టుకుని. "ఆ నోటీసు తీసుకెళ్ళి కళ్ళజోడావిడకు చూపించు."

"చూపించాను. ఆమె కమిటీ పని తలుపు లోపలివరకేనంట. బయటిది భవనాల శాఖట."

"మరి కోర్టుకెళ్ళు."

"నోటిమాటకు కోర్టులో ఎవరు సంతకం పెడతారు?"

ఆఖరి తలుపు తీశాక నేల ఒక్కటే మిగిలింది. ఇరవై రెండేళ్ళ రంపం పొట్టు నేలలో దిగి మెత్తగా పరుపులా ఉంది. మేస్త్రీ నోటీసు తీసి ఇంకోసారి చదివాడు. పన్నెండడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు, మొత్తం రెండువందల పదహారు చదరపు అడుగులు అని రాశారు. పళ్ళు పటపట కొరికాడు. టేపు తీసి ఆ చివర అక్కకు ఇచ్చాడు.

తలుపు కొలవడం రాదు, మనిషి చెయ్యెత్తు కొలవడం రాదు, లాక్కునే నేలైనా సరిగ్గా కొలుచుకోవడం రాదు వీళ్ళకు. పొడవు పద్దెనిమిదిన్నర. పోయింది రెండువందల ఇరవై రెండు చదరపు అడుగులు.